పన్నెండు గంటల పాట

"నల్ల సంచి లోపలున్నది తమ్మి, గది నాగ్గూడ కనవడ్తాంది. సంచి మీద ఏం చుట్టి ఉందో గది చెప్పు," అన్నాడు గుమస్తా రామచంద్రయ్య, కిటికీ ఊచల వెనకనుంచి.

"సంచి మీద ఏం లేదు సారు. గిటారు, దానికి సంచి. గంతే," అన్నాడు విజేందర్.

"అయితే గిది నీది కాదు."

బస్సుల్లో జనం మరిచిపోయిన సామానుకు ఆ రోజు పన్నెండింటికి డిపోలో వేలం. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒక కుట్టుమిషను వరండాలో వరసగా పేర్చి ఉన్నాయి. మూడు నెలల కింద కోస్గిలో ప్రోగ్రాం ముగించుకుని భార్య స్వర్ణతో, పిల్లతో కలిసి తిరిగొస్తుంటే, బస్సులోనే పోయింది విజేందర్ గిటారు. దారంతా నిద్రపోయి, ఊరొచ్చాక ఇంటికి చేరి చూసుకున్నాడు. అప్పటినుంచి ఈ కిటికీ దగ్గరికి రావడం ఇది ఐదోసారి. డిపోవాళ్ళు దాన్ని 'మూట' అని రాసుకుని మూలకు పడేశారు. నిన్న వేలం కోసం విప్పితే గిటారు బయటపడిందని కండక్టర్ వెంకన్న ఫోన్ చేశాడు.

గోడ గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది. స్వర్ణ చంకలోని పిల్ల తుమ్మింది.

"గాలికి నిలవెట్టినవేందే? దానికేమన్న కప్పు," అని కసిరాడు విజేందర్. "మా అవ్వ కుట్టిన బొంత తెచ్చుకోవద్దా?"

"ఆరేస్తే గాలికి ఎగిరిపోయిందని చెప్పిన గద."

"నీ చేతుల ఏదుంటది! పాలసీసా మర్శిపోతవు, టోపీ మర్శిపోతవు."

స్వర్ణ కొంగు తీసి పిల్లకు కప్పింది.

"పొద్దుగాల్నుంచి నీకంటె ముందు ఇద్దరొచ్చిండ్రు," అన్నాడు రామచంద్రయ్య. "ఇద్దరు నల్ల సంచే అన్నరు. పైన ఏముందిరా అంటె నోట్లె మాట లేదు. నువ్వు మూడోటోనివి."

"జర ఇటియ్యి సారు, వాయించి సూపెడ్త. పాడుమంటె పాడ్త."

"పాడుడే గద? ఇంకో ఇరవై నిమిషాలల్ల పాట మొదలైతది. అందరితోని నిలవడి పాడు. గెలిస్తె తీస్కపో."

వరండాలో కూర్చున్న పాత సామాను వ్యాపారులు పగలబడి నవ్వారు. విజేందర్ చెవులు ఎర్రబడ్డాయి.

పదకొండేళ్ళు తిరిగాడు ఆ గిటారుతో. చర్చిలో క్రిస్మస్ పాటలకని పాస్టరుగారు చేతిలో పెట్టిన గిటారు అది. తర్వాత పాలమూరు కూలీల గోస తనే రాసి, తనే బాణీ కట్టి, హుజూర్‌నగర్ పెళ్ళి పందిళ్ళ నుంచి పుణె, షిల్లాంగ్ దాకా నెలకు ఇరవై రోజులు బస్సుల్లో, రైళ్ళలో పడి తిరిగాడు. తను పాడేది బ్లూస్ అనేవాడు. బ్లూస్ అంటే ఏందని పెళ్ళయిన కొత్తలో స్వర్ణ అడిగితే, "ఏడుపును ఆగవట్టి పాడుడు," అన్నాడు.

ఏడుపును ఆగబట్టడం ఆమెకూ తొందర్లోనే వచ్చింది. పిల్లకు ఫిట్స్ వచ్చి దవాఖానలో పడేసిన రోజు ఇరవై మూడుసార్లు ఫోన్ చేసింది. అతను స్టేజీ మీదున్నాడు.

గిటారు పోయాక అతను ఇల్లు కదల్లేదు. మొగుడు ఇంటిపట్టున ఉంటే చాలనుకునేది ఆమె. ఉన్నాడు. కూరలో ఉప్పు తగ్గితే తిట్టు, పిల్ల ఏడిస్తే తిట్టు. మూడు నెలల్లో ఒక్క చరణం రాయలేదు. వేరే గిటారు కొనుక్కోరాదా అంటే, "వేరే మొగన్ని చేసుకుంటవా నువ్వు?" అని గయ్యిమన్నాడు. రేపు సాయంత్రం రైలు, నలభై రోజుల టూరు. గిటారు దొరక్కపోతే ఇక పాటే బందని పొద్దున ఆటోలో చెప్పాడు. చెప్పేటప్పుడు గొంతులో కోపం కూడా లేదు. స్వర్ణకు భయం వేసింది అందుకే.

"సారూ, ఎత్కపోయిన దొంగ ఏం చుట్టిండో నాకెట్ల తెలుస్తది?" అన్నాడు విజేందర్ ఊచలు పట్టుకుని.

"దొంగైతె బస్సుల ఇడిసిపెట్టి పోతడా? ఆఖరి సీటు కింద జొరవెట్టిండ్రు. జర్రంత దెబ్బ తగలకుండ, మంచిగ చుట్టి మరీ. కావాల్నని చేసిన పని గిది."

విజేందర్ పళ్ళు కొరికాడు. "గయితె గా శ్రవణ్‌కుమార్ గాడే. నా జట్టుల కీబోర్డు వాయించి, కొట్లాడి పోయిండు. నా మీద ఏడుస్తున్నడు వాడు."

"శ్రవణన్న గట్ల చెయ్యడు," అంది స్వర్ణ.

"వాన్ని ఎనకేసుకొస్తున్నవా? ఎవడైన గానీ. దొరికిన్నాడు చేతులు ఇరగ్గొడ్త. ఈ జన్మల మల్ల వాని మొఖం చూడ. పిల్ల మీద ఒట్టు."

"పిల్ల మీద ఎందుకు ఒట్టేస్తవు?" అంది స్వర్ణ.

"నీకేం తెలుసు, నా పానం ఏడున్నదో!"

గడియారం పన్నెండు కొట్టింది. వరండాలో వ్యాపారులు లేచి చొక్కాలు దులుపుకున్నారు. రామచంద్రయ్య తాళంచెవుల గుత్తి తీసుకుని కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఆఖరుసారి అడుగుతున్న తమ్మి. చెప్తె ఇచ్చేస్త. లేకుంటె పాటకు వెడ్త."

విజేందర్ తల దించుకున్నాడు. మూడు నెలల్లో అతను నోరెత్తకుండా ఊరుకోవడం స్వర్ణ చూడటం అదే మొదలు.

"పిల్లను పట్టుకో," అంది.

"ఏందే?"

"రెండు చేతుల్తోని గట్టిగ పట్టుకో."

పిల్లను అతని చేతుల్లో పెట్టి, కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నేను చెప్తె ఇస్తరా సారు?"

"ఎవరు చెప్తె ఏందమ్మా? మాట కలవాలె."

ఆమె మొగుడి వైపు తిరిగి చూడలేదు.

"మా పిల్ల బొంత," అంది స్వర్ణ.