చెరిపేసిన ఇల్లు

మా ఫ్లాట్లో తలుపు నుంచి పొయ్యి దాకా అన్నీ ఇంటర్నెట్‌లోని క్లౌడ్ చెప్పినట్టే నడుస్తాయి. అందుకని మా ఆయన సూర్యప్రకాశం గారు క్లౌడ్ నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆన్‌లైన్ కోర్సులో రెండు వీడియోలు చూశారో లేదో, ఇక కాళ్ళు నేలమీద ఆనలేదు. పొయ్యి ఎందుకు మొండికేసిందండీ అని అడిగితే, "చెప్పినా నీకు అర్థం కాదులేవే" అనేవారు.

ఈ రోజు నేను కూరగాయలు తెచ్చేసరికి గుమ్మం బయట నిలబడి, ఫోను చూసుకుని మురిసిపోతున్నారు.

"కోర్సు అయిపోయిందే! ప్రాక్టీసుకి వాడినవన్నీ చివర్లో చెరిపేయమన్నాడు వీడియోలో అతను. చెరిపేశా."

"ప్రాక్టీసు దేంట్లో చేశారు?"

"ఇంకెక్కడ? మనింటి క్లౌడ్ అకౌంట్లోనే."

తలుపు మీద చెయ్యి పెట్టాను.

"ఎవరండీ మీరు?" అంది తలుపు.

లోపల పొయ్యి మీద పాలున్నాయి. అవి పొంగే వేళకు మంట ఆపాలన్న సంగతి పొయ్యికి గుర్తుందో లేదో!

మా మహా పండితులవారు గొంతు సవరించుకుని, ఫోన్లో తన పేరున్న సర్టిఫికెట్‌ను తలుపు కెమెరాకు చూపించారు.

"అభినందనలు, సూర్యప్రకాశం గారూ," అంది తలుపు ఎంతో మర్యాదగా. "ఇంట్లోవాళ్ళు వచ్చాక చెబుతాను."