ఒక్క ప్రశ్న ఎక్కువ

అందరూ కళ్ళు తుడుచుకోవాల్సిన చోట వెనక కుర్చీలోంచి ఒక ముసలాయన కిసుక్కున నవ్వాడు.

కథ చదువుతున్న ఆబ్రీ కెల్లవే ఆగాడు. కళ్ళజోడు పైనుంచి ఓసారి చూసి, మళ్ళీ అందుకున్నాడు.

లడ్లో అనే ఊళ్ళో ట్యాప్‌స్కాట్ గారి పుస్తకాల కొట్టు మేడమీద, శనివారం మధ్యాహ్నం. పదిహేను కుర్చీలు, పద్నాలుగు మంది జనం. కెల్లవే ఇరవై రెండేళ్ళు బారిస్టరుగా వాదించి, నల్లగౌనూ గుర్రపు వెంట్రుకల విగ్గూ అటకెక్కించి, రచయితనని చెప్పుకుంటున్న మనిషి. ఇది మొదటి పుస్తకం. పన్నెండు కథల్లో పదకొండు నవ్విస్తాయి. పన్నెండోది మాత్రం ఏడుపు కథ.

అసలు అది కథ కాదు, జరిగిందే. పేర్లు మార్చాడంతే. ఆ కేసు పెట్టిన బాధ భరించలేకే ఆయన కోర్టు గుమ్మం తొక్కడం మానేశాడు.

ఏటా కూరగాయల పోటీలో గెలిచినవాళ్ళకిచ్చే వెండికప్పు చర్చి హాల్లోంచి మాయమైంది. ఒక తోటమాలిని పట్టుకున్నారు. అతని తరఫున వాదించింది కెల్లవే. ఆ సాయంత్రం మసకవెలుతుర్లో అతను హాల్లోంచి రావడం చూసిన సాక్షి ఒక్కతే, మిసెస్ పిల్లింగ్ అనే పెద్దావిడ. ఆవిడకి చూపు ఆనదని జ్యూరీ ముందు తేల్చేశాడు. అక్కడితో ప్రశ్నలాపి కూర్చుంటే కేసు గెలిచినట్టే.

కూర్చుంటేగా! నోటి దురద. ఇంకొక్క ప్రశ్న వేశాడు.

"అంత మసకలో, ఆ చూపుతో, ఇతనేనని ఎలా చెప్పగలరమ్మా?"

"ఎదురుపడగానే టోపీ తీసి, 'బావున్నారా పిల్లింగ్ గారూ' అని పలకరించాడు బాబూ. ముప్ఫై ఏళ్ళుగా వింటున్న గొంతు, నాకు తెలీదా?"

జ్యూరీ గొల్లున నవ్వింది. తోటమాలికి నాలుగు నెలలు జైలు పడింది.

కెల్లవే ఆఖరి పేజీ తిప్పి చదివాడు. "అతను బోనులోంచి నావైపు చూసిన ఆ చూపు..."

వెనక ముసలాయన ఈసారి పొట్ట పట్టుకుని పడీపడీ నవ్వాడు. కుర్చీ కిర్రుకిర్రుమంది.

ముందు వరసలో కూర్చున్న రిటైర్డ్ పంతులమ్మ వెనక్కి తిరిగింది. "ఏమయ్యా, చావింట్లో కూడా ఇలాగే ఇకిలిస్తావా?"

"క్షమించండమ్మా. ఆ పిల్లింగ్ గారి మాట దగ్గర ఆపుకోలేకపోయాను."

కెల్లవేకి ఒళ్ళు మండింది. పుస్తకం టపీమని మూశాడు.

"పాపం, ఏ తప్పూ చెయ్యని మనిషి జైలుకెళ్ళాడండీ! నా నోటి వల్ల! పంతొమ్మిదేళ్ళుగా నాకు కంటినిండా నిద్ర లేదు. మీకు నవ్వులాటగా ఉందా?"

"తప్పు చెయ్యలేదని ఎవరు చెప్పారు సార్?"

"అతనే చెప్పాడు. ఒట్టేసి మరీ చెప్పాడు."

"అబ్బో, ఒట్టేశాడా!" ముసలాయన మళ్ళీ మొదలెట్టాడు. కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "పంతొమ్మిదేళ్ళా? అయ్యయ్యో, పంతొమ్మిదేళ్ళే!"

"ముందు మీరు బయటికి నడవండి!"

కొట్టు యజమానురాలు ట్యాప్‌స్కాట్ గారు గబగబా వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "పెద్దాయనా, కింద వేడివేడి టీ ఉంది. తాగుతూ తీరిగ్గా నవ్వుకుందురుగాని, రండి."

ముసలాయన బుద్ధిగా లేచాడు. మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూశాడు. ఇప్పుడు మొహంలో నవ్వు లేదు.

"కోప్పడకండి సార్. మంచి మనసు మీది. ఈ పన్నెండో కథ కూడా నవ్వుల్లో కలిపేయండి, హాయిగా ఉంటుంది."

"పాఠాలు చెప్పడానికి తయారు," అని గొణుక్కున్నాడు కెల్లవే.

చదవడం అయిపోయింది. జనం బిస్కెట్లు తిన్నారు. ఆరుగురు పుస్తకాలు కొన్నారు. ఎవరి పేరున, ఏమని రాసి సంతకం పెట్టాలో చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టడం ఆ కొట్టులో పద్ధతి. కెల్లవే చీటీలు చూసుకుంటూ సంతకాలు చేస్తూ పోయాడు.

ఆఖరి పుస్తకం మిగిలింది. మనిషి లేడు.

"ఇదెవరిది?"

"మీరు తరిమేశారే, ఆ పెద్దాయనది. బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు. సంతకం పెట్టి ఉంచితే ఎప్పుడైనా వచ్చి తీసుకుంటాడట."

"నేను పెట్టను."

"పెట్టండి బాబూ. కొన్నదే ఆరుగురు, అందులో ఒకణ్ణి అలగనిస్తే ఎలా?"

విసుగ్గా చీటీ తీశాడు. చదివాడు. మళ్ళీ చదివాడు.

కుర్చీ వెనక్కి పడేలా లేచి, మెట్లు రెండేసి దూకుతూ వీధిలోకి పరిగెత్తాడు. ట్యాప్‌స్కాట్ గారు కిటికీలోంచి చూస్తూనే ఉంది. బస్సు అప్పటికే వంతెన దాటేసింది. కెల్లవే అంత వయసులో, అంత ఖరీదైన కోటులో, చేతులూపుతూ దాని వెనక పడ్డాడు. చర్చి మలుపు దాకా వెళ్ళి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు.

తిరిగొచ్చేసరికి ఆయాసం, నవ్వు, కన్నీళ్ళు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

"ఏమైందండీ? ఏడుస్తున్నారా, నవ్వుతున్నారా?"

"ఆయన్ని నేను బయటికి పొమ్మన్నానండీ! ఆయన్ని!"

"ఇంతకీ ఎవరాయన?"

కోర్టు వరండాలో పది నిమిషాలు మాట్లాడి బోనెక్కించిన మొహాలు ఏళ్ళ తరవాత ఏ బారిస్టరుకి గుర్తుంటాయి? కెల్లవే పడిన కుర్చీ నిలబెట్టి కూర్చున్నాడు. గుండెల నిండా గాలి పీల్చుకుని, కలం తీసి, చీటీలో ఎలా ఉందో అలాగే పుస్తకం మొదటి పేజీలో రాశాడు:

"వెండికప్పు నిజంగానే కొట్టేసిన నా క్లయింటు రూబెన్ టఫ్లీకి, ఇకనైనా హాయిగా నిద్రపోతానని మాటిస్తూ."