పీనుగు పలికిన మాట

ఉమాశంకర్ చనిపోయిన శుక్రవారమే అతను వేషం వేసిన సినిమా విడుదలైంది. ఏడో రోజు, గురువారం పొద్దున్న, అతని భార్య నీలవేణి చెప్పులేసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆడపడుచు ఈశ్వరి దారికి అడ్డం నిలబడింది.

“మైల తీరకుండా సినిమాకేటి వదినా? ఊరోళ్లు ఏటనుకుంతారు?”

“రేపు హాల్లోంచి తీసేస్తున్నారు ఈశ్వరీ.”

“తీసీనీ. ఆ పీనుగు యేసం కట్టబట్టే కదా అన్నయ్యకి ఇలాగైంది.”

లోపల మంచం మీంచి అత్తగారు లక్ష్మణమ్మ పలికింది.

“ఒసే ఈశ్వరీ, దాన్ని ఎల్లనీ. నా కొడుకు గొంతు తేవడానికి మైలేటి?”

లక్ష్మణమ్మకు కళ్లు ఆనవు. కొడుకు ఫోన్ నిండా ఫొటోలే ఉన్నాయి, అతని మాట ఒక్కటీ లేదు. ఆ ఫొటోలు ఆమెకేం పనికొస్తాయి? సినిమాలో మాత్రం ఒక మాట ఉంది. రాజాంలో పాత గోనెసంచుల గోదాం దగ్గర షూటింగ్ జరిగిన రోజు, నీలవేణి భోజనం క్యారేజీ పట్టుకెళ్లి “ఏమండీ” అని పిలిచింది. జాంబీల గుంపులో కాలీడ్చుకుంటూ నడుస్తున్న ఉమాశంకర్ తాను చచ్చినవాణ్ణన్న సంగతే మరిచిపోయాడు. కెమెరా తిరుగుతుండగానే వెనక్కి తిరిగి “వత్తన్నానే” అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. దర్శకుడు ఆ ముక్క తీసెయ్యనని మాటిచ్చాడు.

“ఫోన్లో పట్టుకొచ్చీవే. ఒక్కపాలి ఇంతాను,” అంది లక్ష్మణమ్మ.

రాజాంలో సినిమా హాలు గేటు కాసే నూకయ్య టికెట్ చింపబోతూ ఆగాడు.

“ఈ బొమ్మకేనా అమ్మా? రేపు కొత్తది వస్తాది, అది బాగుంతాదట.”

“దీనికే.”

హాల్లో పన్నెండు మంది కూడా లేరు. సినిమా పేరు ‘సచ్చినా డ్యూటీ’. ఇద్దరు కానిస్టేబుళ్ల కథ. ఒకణ్ణి జాంబీ కరుస్తుంది. కరిచినా అతను యూనిఫాం విప్పడు, నడిచొచ్చే శవాలను వరసలో నిలబెట్టి హెల్మెట్ ఏదని అడుగుతుంటాడు. రెండోవాడు అతని మూతికి తువ్వాలు కట్టి వెంట తిప్పుకుంటాడు. జనం భయపడాల్సిన చోట నవ్వారు, నవ్వాల్సిన చోట ఫోన్లు చూసుకున్నారు.

నీలవేణి కుర్చీ అంచున కూర్చుని జాంబీల కాళ్లు చూసింది. ఎడమ కాలు ఈడుస్తానని అతను చెప్పాడు. మొహాలకు పూసిన రంగుల్లో అందరూ ఒకేలా ఉన్నారు. రెండుసార్లు ఇంకెవరినో చూసి ఫోన్ ఎత్తింది, రెండుసార్లూ దించింది. రెప్ప వేస్తే దాటిపోతాడేమోనని ఇంటర్వెల్లో కూడా లేవలేదు.

వెనక వరసలో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

“ఏటి బావా, ఎలాగున్నాది?”

“ఏటుంతాది. వార్తలు సదివినట్టు మాటాడతన్నాయి పీనుగులు. మనూర్లో తీసి ఏటి లాభం?”

“సచ్చినాక ఏ జిల్లా అయితే ఏటిలే.”

ఇంటర్వెల్ అయిన కాసేపటికి తెర మీద గోదాం కనబడింది. నీలవేణి ఫోన్ ఎత్తింది. పక్కనుంచి టార్చిలైటు మొహం మీద పడింది.

“ఫోన్ తియ్యకూడదమ్మా,” అన్నాడు నూకయ్య.

“మా ఆయన,” అంది ఆమె, తెర వైపు చూపిస్తూ. “ఏడు రోజులైంది.”

లైటు ఆరిపోయింది. నూకయ్య అక్కడే నిలబడ్డాడు.

గుంపులో ఒకడు ఎడమ కాలు ఈడుస్తూ వచ్చాడు. ఎవరో పిలిచారు. అతను ఆగి, మెడ తిప్పి, నోరు తెరిచాడు. హాలంతా గొల్లున నవ్వింది. “సచ్చినా పెళ్లాం పిలిస్తే పలకాల్సిందేరా,” అన్నాడు తెర మీది కానిస్టేబుల్. నీలవేణి నవ్వలేదు, ఏడవలేదు. ఫోన్ పట్టుకున్న చెయ్యి చాలాసేపు అలాగే గాల్లో ఉండిపోయింది.

బయటికి వస్తుంటే నూకయ్య అడిగాడు. “దొరికినాడా అమ్మా?”

“కనబడ్డారు,” అంది.

ఇంట్లో లక్ష్మణమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. నీలవేణి ఫోన్ ఆమె చెవి దగ్గర పెట్టి నొక్కింది.

“వస్తున్నానే.”

లక్ష్మణమ్మ నుదురు ముడిచింది. “ఇంకోపాలి ఎయ్యి.”

మళ్లీ వేసింది.

“ఆడు వత్తన్నానే అనీవోడు కదేటి? ఇదేటి, పట్నం బాబులాగ వస్తున్నానే అన్నాడు?”

నీలవేణి పదేళ్లుగా బళ్లో తెలుగు చెబుతోంది. మాటకోసం వెతుక్కోవడం ఆమెకు అలవాటు లేదు. ఈసారి మాత్రం కాస్త ఆలస్యమైంది.

“సినిమా కదత్తా. సరిగ్గా పలకమని ఉంటారు.”

“అదీ నిజమే,” అంది లక్ష్మణమ్మ. ఫోన్‌ను రెండు చేతులా పట్టుకుని చెంపకు ఆనించుకుంది. “ఒసే ఈశ్వరీ, ఇలా రా. మీ అన్న పలుకుతన్నాడు, ఇనుకో.”

ఈశ్వరి వచ్చి విన్నది. వదిన వైపు ఒకసారి చూసింది. “అన్నయ్యేనమ్మా,” అంది.

ఆ సాయంత్రం నుంచి పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ల చెవికీ లక్ష్మణమ్మ ఆ ఫోన్ పెట్టింది. పదకొండో రోజూ అయింది, నెల మాసికమూ అయింది. తెర మీద వెనక్కి తిరిగింది ఉమాశంకరే గాని, పలికింది హైదరాబాదులో డబ్బింగ్ చెప్పిన మరెవరో అన్న సంగతి నీలవేణి అత్తగారికి ఇంకా చెప్పలేదు.