మచ్చ లేని స్టేషన్

"చొక్కా విప్పండి," అంది ప్రొఫెసర్.

లాకప్పులో గోడకి ఒదిగి కూర్చున్న వ్యాన్ డ్రైవరు కదల్లేదు. ఆమె వెనక నిలబడ్డ ఇన్‌స్పెక్టరు, "నీకేరా చెప్తోంది. మేడమ్ మాట వినబళ్ళేదా?" అన్నాడు మెత్తగా. ఆ మెత్తదనానికే డ్రైవరు ఉలిక్కిపడి గుండీలు విప్పేశాడు.

ఉచ్చకంపు. దాన్ని కప్పెయ్యడానికి అప్పుడే చల్లిన ఫినాయిలు. ఈ కంపు భరించలేకే ప్రొఫెసరు ఒకప్పుడు పోలీసు ఉద్యోగానికి ఓ దణ్ణం పెట్టి, కాలేజీలో నేరం, న్యాయం గురించి పాఠాలు చెప్పుకుంటోంది. ఇవాళ సంస్కరణల కమిటీ తరఫున తనిఖీకి వచ్చి మళ్ళీ అందులోనే కాలు పెట్టింది.

ఇందాక డ్రైవరు భార్య గేటు దగ్గరే ఆమె చెయ్యి పట్టుకుంది. "దొంగతనం ఒప్పుకోమని మా ఆయన్ని చావబాదుతున్నారమ్మా! ఆ కేకలు వీధిలోకి వినబడ్డాయి."

"ఒక్క దెబ్బ కనబడనివ్వు. ఇప్పుడే ఆసుపత్రికి పంపించేస్తాను," అని మాటిచ్చి లోపలికొచ్చింది ఆమె.

టార్చి వేసి చూసింది. వీపు, మెడ, మణికట్లు, అరికాళ్ళు. ఎక్కడా కమిలిన జాడ కూడా లేదు.

"మిమ్మల్ని కొట్టారా?"

"లేదమ్మా." అతని పళ్ళు టకటకలాడుతున్నాయి.

"భయపడకండి, నేనున్నాను."

"మీరు వెళ్ళిపోతారు కదమ్మా," అన్నాడు డ్రైవరు నేలచూపులు చూస్తూ.

ఆమె విసురుగా బయటికొచ్చింది. ఇన్‌స్పెక్టరు కుర్చీ లాగి వేశాడు.

"టీ చెప్పమంటారా మేడమ్?"

"ఈ స్టేషన్లో మంచినీళ్ళు కూడా ముట్టను."

అతను నొచ్చుకోలేదు. సొరుగు లాగి ఒక పుస్తకం తీసి, రెండు చేతులా పట్టుకుని ఆమె ముందు పెట్టాడు. అట్ట మీద ఆమె ఫొటో. పోలీసుల చేతిలో దెబ్బలు తిన్నవాళ్ళ ఒంటిమీద ఏ ఆనవాళ్ళు వెతకాలో డాక్టర్లకీ జడ్జీలకీ తెలియాలని, ఏళ్ళ తరబడి శవాల గదుల చుట్టూ తిరిగి రాసిన పుస్తకం. పేజీలు నలిగిపోయి ఉన్నాయి. చాలాచోట్ల ఎర్ర గీతలు.

"మీ సంతకం కావాలి మేడమ్."

"ఇది... మీరు చదివారా?"

"నేనొక్కణ్ణే ఏమిటి? కానిస్టేబుళ్ళందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాను. మావాళ్ళ పనితీరే మారిపోయిందంటే నమ్మండి."

ఆమె కోపం కొంచెం సడలింది. కాలేజీలో పిల్లలే పరీక్ష ముందు తప్ప ముట్టని పుస్తకాన్ని ఒక పోలీసు ఇంతగా నలిపేశాడు. ఆ కేకలు మరెవరివో ఏమో, భార్య కంగారులో పొరబడిందేమో అనిపించింది. ఇందాక మరీ పుల్లవిరుపుగా మాట్లాడానే అని సిగ్గుపడి, పెన్ను అందుకుంది.

"ఏ అధ్యాయం పనికొచ్చింది మీకు?" అంది మొదటి పేజీ తిప్పుతూ.

"గాయాల అధ్యాయం మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు భక్తిగా. "ఏ దెబ్బ డాక్టరు కంట పడుతుందో మీరంత విడమర్చి చెప్పకపోతే, ఏది పడదో మాకెలా తెలిసేది?"