బరువు తగ్గని బాటిల్

"మామా అల్లుళ్లు కలిసి నా కొంప ముంచారు కదరా! గ్యాస్ కొట్టావా, లేదా?" రేసు ఓడిన కారు ఓనరు షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"కొట్టానండీ" అన్నాడు కారు నడిపిన అల్లుడు.

మెకానిక్ మామ, ఇంజనుకి అదనపు వేగమిచ్చే నైట్రస్ గ్యాస్ బాటిల్ విప్పి కాటా మీద పెట్టాడు. పొద్దున బిగించినప్పుడు ఎంత బరువుందో, ఇప్పుడూ అంతే. అల్లుడు గ్యాస్ వదిలే బటన్ జోలికే పోలేదు. పోయినేడు ఇదే గ్యాస్ కొట్టగానే ఇంజను పేలి పాత డ్రైవరు కాలిపోవడం కళ్లారా చూసినవాడు మరి.

నిజం చెబితే అల్లుడి ఉద్యోగం ఈ పూటే ఊడుతుంది.

"మొత్తం ఊదేశాడండీ" అన్నాడు మామ, కాటాకి అడ్డం జరిగి.

"అయినా ఓడాడంటే వీడు నొక్కడం ఆలస్యమన్నమాట. ఆ బటన్ పీకెయ్. పెడలు తొక్కగానే గ్యాస్ పడేలా వైరు కలుపు. ఇప్పుడే, నా కళ్లముందే."

అల్లుడు మామ వంక చూశాడు.

మామ తలెత్తకుండా వైరు వెతకసాగాడు.