ఇద్దరికీ ఒకే చాట

"మనిషికి కుళ్లు ఉండొద్దు. మనసు జర పెద్దగ చేసుకోవాలె" అన్నాడు శైలేందర్, వినోద వడ్డించిన అన్నంలోకి పచ్చిపులుసు వంచుకుంటూ.

భార్య మనసు ఎందుకు పెద్దది కావాలో అప్పటికే చెప్పేశాడు. కామారెడ్డిలో అతనికి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అక్కడ పనిచేసే అనిలతో ఏడాదిగా కలిసి ఉంటున్నాడు. శుక్రవారం ఆమెను ఎల్లారెడ్డికి, ఈ ఇంటికే తీసుకువస్తాడు. దాచుకొని తిరిగే మగవాళ్లకన్నా ముఖం మీద చెప్పే తాను నిజాయితీపరుడనని అతని నమ్మకం. అందుకు ఒక మెచ్చుకోలు కూడా రావలసి ఉన్నట్టు ఆమె వైపు చూశాడు.

వినోద గరిటెను గిన్నెలో పెట్టింది. "నన్ను వద్దంటున్నవా?"

"ఎవరన్నరు? నువ్వూ ఉంటవ్, ఆమే ఉంటది. పట్నంల సదువుకున్నోళ్లు గిప్పుడు గిట్లనే ఉంటున్నరు. ఓపెన్ మ్యారేజ్ అంటరు. మొగుడుపెండ్లాలు ఒకర్నొకరు తాడేసి కట్టేసుకోవద్దని."

"అయితే నా తాడు గూడ ఇప్పినట్టేనా?"

ముద్ద నోటి దగ్గరే ఆగింది. "అంటే?"

"నేను గూడ ఒకన్ని తెచ్చుకోవచ్చునా అని అడుగుతున్న."

"థూ! ఇల్లాలు మాట్లాడే మాటనా అది?"

ఆ పెద్ద మనసు కొలత ఎంతో వినోదకు అర్థమైంది. అయినా గొంతు పెంచలేదు.

"నాకు ఇష్టం లేదు. ఆ పిల్ల మీద కోపం గాదు. పక్క అర్రల నీ నవ్వు వినుకుంట నేను పండుకోలేను. దాన్ని కుళ్లంటవో, ఇంకేమంటవో నీ ఇష్టం."

"కుళ్లే అంటరు" అన్నాడు శైలేందర్. ఎడమ చేత్తో వరండా వైపు చూపించాడు. "వాండ్లను చూసి నేర్చుకో పో."

వరండాలో ఇద్దరు ముసలివాళ్లు ఒకే చాటకు చెరో పక్కన కూర్చుని బీడీలు చుడుతున్నారు. దేవవ్వ అతని తండ్రి గంగారాం మొదటి భార్య. ఎంకవ్వ రెండవ భార్య, శైలేందర్‌ను కన్నతల్లి. దేవవ్వ తునికాకు కత్తిరించి ఇస్తే ఎంకవ్వ తంబాకు పోసి, చుట్టి, దారం కడుతుంది. ఆ ఇంటికి గోడలు లేచిందీ, స్లాబు పడిందీ ఆ బీడీల కూలితోనే.

"నాయిన ఇద్దర్ని చేసుకున్నడు. నేను పాకేటప్పుడే భీవండి బట్టల మిల్లుకు పోయిండు, మళ్ల రాలే. అయినా వీళ్లు విడిపోయిండ్రా? ఒక్కనాడన్న కొట్లాడంగ చూసినవా నువ్వు?"

చూడలేదు. వినోద నోరు కట్టేసింది అదే. కోడలై వచ్చిన నాటి నుంచి ఆ ఇద్దరి మధ్య ఒక్క పరుషమైన మాట వినలేదు. ఒకరికి జ్వరం వస్తే రెండవవారు ముద్ద ముట్టరు. తన బాధ నిజమని ఆమెకు తెలుసు. కానీ అది న్యాయమైనది కాదని చెప్పే సాక్ష్యం కళ్లెదుటే చాట ముందు కూర్చుని ఉంది. సవతుల ముచ్చట రాగానే ఊరంతా వేలెత్తి చూపేది ఈ ఇంటినే.

"పెద్దవ్వా! అవ్వా! జర దీనికి చెప్పుండ్రి. మీరెన్నడన్న కొట్లాడిండ్రా?"

"లేదు బిడ్డా" అంది దేవవ్వ.

"ఎన్నడు లే" అంది ఎంకవ్వ, తల ఎత్తకుండానే.

"ఇన్నవా?" అన్నాడు శైలేందర్ భార్యతో.

దేవవ్వ కత్తెరను చాటలో పెట్టింది. "ఆ పిల్ల ఎప్పుడొస్తదంటివి?"

"శుక్రవారం."

"ఈ పిల్ల వద్దన్నా తెస్తవా?"

"తెస్త పెద్దవ్వా. నాలుగు దినాలు ఏడుస్తది, ఎన్కసిరి అలవాటైతది."

దేవవ్వ ఎంకవ్వ ముఖంలోకి చూసింది. ఎంకవ్వ దారాన్ని పంటితో కొరికి, మెల్లగా తలూపింది. దేవవ్వ మోకాళ్లు పట్టుకొని లేచి వినోద పడుకునే గదిలోకి నడిచింది. బీరువా తలుపు కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

వినోద ఎంకవ్వ వైపు తిరిగింది. "చిన్నత్తా..." అంది. ఎంకవ్వ మరో ఆకు అందుకుంది. ఇద్దరూ కాకపోయినా ఒక్కరైనా తన పక్కన నిలుస్తారని, ఆడదాని గుండెకోత ఆడదానికి తెలుస్తుందని అనుకుంది. బిడ్డ బుజ్జిని తీసుకొని నాగిరెడ్డిపేటలో అన్న గడప తొక్కితే వదిన ఏమంటుందో ఆలోచించే ధైర్యం కూడా రాలేదు.

"ఎక్కడికి పొమ్మంటలేను నిన్ను" అన్నాడు శైలేందర్ చేయి కడుక్కుంటూ, గెలిచినవాడి దయతో. "పెద్దవ్వ అర్ర ఖాళీ చేస్తున్నది, అంతే. నువ్వూ బుజ్జీ ముందటి అర్రల పండుకోండ్రి."

దేవవ్వ పెద్ద బ్యాగును రెండు చేతులా ఈడ్చుకుంటూ వచ్చి గడప అవతల పెట్టింది. జిప్పు పూర్తిగా పడలేదు. సందులోంచి ఒక చెయ్యి బయటికి వేలాడుతోంది. వినోద పొద్దున ఇస్త్రీ చేసిన నీలం అంగీ చెయ్యి అది.

శైలేందర్ తడి చేత్తో అలాగే నిలబడిపోయాడు. "ఏంది పెద్దవ్వా? నా బట్టలెందుకు సర్దినవ్?"

"కామారెడ్డి బస్సు వచ్చే యాళ్లయింది బిడ్డా."

"అవ్వా! నువ్వన్న చెప్పు ఆమెకు!"

ఎంకవ్వ చుట్టిన బీడీని చాటలో పెట్టి, అప్పుడు తల ఎత్తి కొడుకును చూసింది.

"మేం ఎన్నడు కొట్లాడలేదన్నది నిజమే కొడుకా. మీ నాయినను గిట్లనే ఇద్దరం కలిసి భీవండి బస్సు ఎక్కించినంక, కొట్లాడే పనే పడలే."