ఆరు డబ్బాల లెక్క

షుగర్ పడిపోయి ఫ్రాన్సిస్‌కు కళ్లు తిరగడం నెలలో ఇది మూడోసారి. ఈసారి హసన్‌పర్తిలో తను పనిచేసే కాలేజీ మెట్ల మీదే కూలబడ్డాడు. చక్కెర నీళ్లు తాగించి, ఆటోలో వరంగల్ దవాఖానకు తెచ్చారు.

అతని భార్య శిరీష రాసిన తిండి లెక్కల నోటుబుక్కును అక్కడి డైటీషియన్ దీప్తి తిరగేసింది.

“ఈ లెక్కలు ఎవరు వేసిన్రు మేడమ్?”

“నేనే.”

“ఏం జాబ్ చేస్తరు?”

“మ్యాథ్స్ టీచర్‌ని.”

దీప్తి పెన్నుతో ఒక అంకె చుట్టూ సున్నా చుట్టింది. శిరీషకు తల కొట్టేసినట్టయింది. ఒక్క దశాంశం తప్పితే పిల్లల మార్కు కోసే మనిషి ఆమె.

“మధ్యాహ్నం డబ్బాకు ఎనభై గ్రాముల పిండిపదార్థం అని రాసిన్రు. దాన్ని చూసే సార్ ఎనిమిది యూనిట్ల ఇన్సులిన్ తీసుకుంటున్నరు. అంత తిండి లోపలికి పోతలేదు, అందుకే షుగర్ పడిపోతున్నది. ఇట్లనే నడిస్తే ఏదో ఒకరోజు పడ్డ మనిషి లేవరు.”

ఇంటికొచ్చి శిరీష మళ్లీ లెక్కకు కూర్చుంది. ఆదివారం ఒక్కసారే ఆరు రోజుల మధ్యాహ్నాలకు కిచిడీ వండి ఫ్రీజర్లో పెట్టడం ఆ ఇంట్లో నెల రోజులుగా నడుస్తున్న పద్ధతి. బియ్యం, పెసరపప్పు కాటా మీద తూచి, రాసుకుని, పొయ్యి దగ్గర పెట్టడం శిరీష వంతు. వండడం అత్త సారమ్మ వంతు. ఉడికాక ఆరు డబ్బాలకు సమానంగా సర్దేది మళ్లీ శిరీషే. బియ్యం నాలుగు వందల ఎనభై గ్రాములు, పప్పు నూట ఎనభై. వాటిలోని పిండిపదార్థం కింది నుంచి లెక్క వేసినా, మీది నుంచి వేసినా డబ్బాకు ఎనభయ్యే వచ్చింది.

లెక్కది తప్పు కాకపోతే మనిషిది. మొగుడు తిండి పారేస్తున్నాడని తేల్చుకుని, కాలేజీలో అతని పక్క సీటు శాంసన్‌కు ఫోన్ చేసింది.

“అన్నా, ఆయన డబ్బా మొత్తం తింటాండా?”

“మూత గూడ తుడుచుకొని తింటాండు చెల్లె. ఇంకింత పెట్టరాదు, పాపం.”

సాయంత్రానికి ఆ మాట ఫ్రాన్సిస్ చెవిన పడనే పడింది.

“నన్నే అడుగరాదా?” అన్నాడు, అంతే. నాలుగు తిట్టినా బాగుండేది. సిగ్గుతో ఆ పూట శిరీషకు అన్నం సయించలేదు.

మళ్లీ ఆదివారం వచ్చింది. బియ్యం మూడుసార్లు తూచింది. మూడుసార్లూ ఒకటే అంకె. అయినా నమ్మకం కుదరక కాటా పక్కనే చతికిలబడి ఏడ్చేసింది.

“నాతోని కాదు అత్తమ్మా. నా లెక్కలతోని ఆయన పానం మీదికి వస్తాంది. దవాఖానల, కాలేజీల, ఎవ్వరికీ మొఖం చూపెట్టలేకపోతాన.”

సారమ్మ కోడలి కళ్లు తన కొంగుతో తుడిచింది.

“ఫికర్ చెయ్యకు బిడ్డా, దేవుడు నా కొడుకును చెయ్యి విడువడు. నువ్వు తూచిపెట్టి అటు పోంగనే, వాడు సల్లగుండాలని, ఆ బియ్యంలకెల్లి పూటకొక పిడికెడు లెక్కన ఆరు పిడికిళ్లు తీసి వారం వారం చర్చికి ఇస్తనే ఉన్న.”